మెదడు ఎన్యూరిజంలో గడ్డకట్టే రక్తం – సిమ్యులేషన్ పాఠాలు, 4వ భాగం: కాయిల్ నింపాక రక్తం వయసు

ఎన్యూరిజం అంటే రక్తనాళం గోడ ఉబ్బి సంచిలా మారడం. గత భాగంలో ఖాళీ ఎన్యూరిజం సంచిలో తిరిగే రక్తప్రవాహాన్ని, ద్రవాల కదలికను వర్ణించే నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో లెక్కగట్టాం. ఇప్పుడు అదే సంచిలో ప్లాటినం కాయిల్ (ప్రవాహాన్ని తగ్గించి రక్తం గడ్డకట్టేలా చేసే సన్నని తీగచుట్ట) నింపి, రక్తం ఎక్కడ గడ్డకట్టే వీలుందో చూద్దాం.

7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి సంచి ఘనపరిమాణం దాదాపు 180 ఘన మిల్లీమీటర్లు. అందులో 25 శాతం నింపాలంటే, 0.25 మిల్లీమీటర్ల మందమున్న కాయిల్ 90 సెంటీమీటర్లకు పైగా కావాలి. ఆ చిక్కుముడినంతా మెష్‌లో (లెక్క కోసం సంచిని చిన్న గడులుగా విడగొట్టిన వలలో) గీయడం పెద్ద పని కాబట్టి, సంచినంతటినీ స్పాంజిలాంటి మాధ్యమంగా భావించి, ప్రవాహానికి అడ్డుపడే నిరోధాన్ని సమీకరణంలో చేరుస్తాం. నేర్చుకునే దశకు ఇది చాలు గాని, సంచి మెడ దగ్గర కాయిల్ సమంగా పరుచుకోదు కనుక అక్కడి ఫలితాన్ని గట్టిగా నమ్మకూడదు.

తరువాత రక్తం వయసును, అంటే రక్తం లోపలికి వచ్చి ఎంతసేపయిందో లెక్కించాలి. ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే ఒక రాశిని తీసుకుని, ప్రవేశద్వారం దగ్గర దాని విలువను సున్నాగా పెట్టి, లోపల ప్రతి సెకనుకూ ఒక సెకను చొప్పున పెరగనివ్వండి. ఎక్కడ ఆ విలువ పెద్దదైతే అక్కడ రక్తం నిలిచిపోతున్నట్టు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ వంటి ప్రోటీన్ల వ్యాపనం (ప్రవాహం లేకున్నా వాటంతటవే చెదిరి పరుచుకోవడం) ఎంత నెమ్మది అంటే, సంచిలో వేగం సెకనుకు 1 మిల్లీమీటరే అనుకున్నా, ప్రవాహానికీ వ్యాపనానికీ ఉన్న నిష్పత్తి లక్షకు పైమాటే. మొదటి శ్రేణి అప్‌విండ్ పద్ధతి (ప్రవాహం వచ్చే వైపు గడి విలువనే తీసుకునే సులువైన పద్ధతి) వాడితే, లెక్కలో పుట్టిన దొంగ వ్యాపనం అసలుదాన్ని మింగేస్తుంది. చక్కని రంగుల బొమ్మను చూసి నేనూ ఒకసారి మోసపోయాను; మెష్ గడి పరిమాణాన్ని సగం చేయగానే గడ్డ చోటే మారిపోయింది.

వయసు ఒక హద్దు దాటి, కోత రేటు (పక్కపక్క రక్తపు పొరల మధ్య వేగం మారే తీరు) కూడా తక్కువగా ఉన్న గడులలో నిరోధాన్ని పెంచితే, గడ్డ పెరిగినకొద్దీ ప్రవాహం మారుతుంది. ఒక్కసారిగా పెంచితే లెక్క కుప్పకూలుతుంది కాబట్టి మెల్లగా పెంచండి. గుండె ఒక్కసారి కొట్టుకోవడానికి పట్టేది 0.8 సెకను, గడ్డ ముదరడానికి పట్టేది నిమిషాల నుంచి రోజులు. అందుకే ఒక స్పందనలోని సగటు వేగాన్ని స్థిరంగా ఉంచి వయసును ముందుకు నడిపి, గడ్డ చెప్పుకోదగ్గంత పెరిగినప్పుడే ప్రవాహాన్ని మళ్లీ లెక్కించాలి.

అభ్యాసం: హద్దును రెట్టింపు చేసి, ఆపై సగం చేసి, గడ్డ ఘనపరిమాణం ఎంత మారిందో రాసుకోండి. ఆ హద్దు మనం ఎంచుకున్నదే తప్ప ప్రకృతి ఇచ్చినది కాదు. వచ్చే భాగంలో దాని స్థానంలో త్రాంబిన్, ఫైబ్రినోజెన్ (గడ్డలోని పోగులుగా మారే ప్రోటీన్) సమీకరణాలను పెడతాం.