'ము' అంటే అన్నిసార్లూ 'లేదు' కాదు: కొరియన్‌లో పొగమంచు అక్షరం

'ఒరిముజుంగ్' అన్న మాట మొదటిసారి చూసినప్పుడు నేను నోట్సులో ధీమాగా "బాతు లేదు" అని రాసుకున్నాను. 'ఒరి' అంటే బాతు, 'ము' అంటే లేదు. అంతవరకే తెలుసు మరి! తీరా చూస్తే అక్కడ 'ఒ' అంటే ఐదు, 'రి' అంటే లీ అనే దూరం, 'ము' అంటే పొగమంచు, 'జుంగ్' అంటే లోపల. ఐదు లీల మంచులో చిక్కుకోవడం, అంటే ఏమీ అంతుపట్టకపోవడం. చైనాలో తర్వాతి హాన్ కాలపు పండితుడు జాంగ్ కై మంత్రంతో ఐదు లీల మేర మంచు కమ్మించేవాడట. మూడు లీల వరకే చేతనైన ఇంకొకడు ఆ విద్య నేర్చుకుందామని వస్తే, జాంగ్ కై దొరక్కుండా దాక్కున్నాడట. అందుకే ఈ మాటను 'ఒరిము' దగ్గర విరవాలి, 'ఒరి' దగ్గర కాదు.

ఇక ఈ 'ము'కి రాసే చైనా అక్షరం, 霧. కొరియన్లు దీన్ని 'అన్‌గె ము' అని చదువుతారు: అచ్చ కొరియన్ అర్థం ముందు, చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ వెనక. మీరూ రెండూ కలిపే బట్టీ పట్టండి.

మొత్తం 19 గీతలు. చూస్తే టెన్షన్ వస్తుంది కానీ, ముందు పైన 8 గీతల 'వాన' రాసేయండి. కింద మిగిలిన 11 గీతలు 'పాటుపడు' అనే అక్షరం. ఈటె, కొట్టే చెయ్యి, బలం అనే ముక్కలు ఆ వరుసలోనే రాయాలి. దాని అర్థంతో ఇక్కడ పని లేదు, 'ము' అనే శబ్దం కోసమే వచ్చింది. ఆఫీసును 'సముషిల్' అంటారే, అందులోని 'ము' అదే. క్రీ.శ. 100 ప్రాంతపు చైనా నిఘంటువులో పొగమంచు అక్షరానికి అడుగున 'బలం' లేదు, తర్వాత చేరింది.

కొరియాలో ఇప్పుడు దాదాపు అంతా తమ సొంత లిపి హంగుల్‌లోనే రాస్తారు కాబట్టి అక్షరం కంటికి కనబడదు, సందర్భాన్నిబట్టే పట్టుకోవాలి. వాతావరణ వార్తల్లో 'హెము' అంటే సముద్రపు మంచు, 'పంగ్ము' అంటే పలచటి మంచు. చర్చలు 'ముసన్' అయ్యాయంటే మంచులా విడిపోయాయని, అంటే జరగకుండా పోయాయని. నేను దీన్నీ "కొండ లేదు" అనుకున్నాను, 'సన్' అంటే కొండ కదా అని. మొక్కల మీద నీళ్ళు చిమ్మే స్ప్రే బాటిల్ పేరు 'బున్‌ముగి'. మీట నొక్కితే తుంపరగా వచ్చేది ఆ 'ము'నే.