పాత రూపాయి మీద అనుమానం వస్తే: ఏం కనిపిస్తోంది, ఎందుకు, ఏం చేయాలి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇళ్ళలోంచి బయటికొచ్చే పాత నాణేల్లో దొంగవి తక్కువ. అసలు నాణేనికే ఎవరో ఏదో చేసి ఉంటారు. బొక్క వేస్తారు, కొక్కెం అతికిస్తారు, అంచు రాకుతారు, అంకె మారుస్తారు. అందుకే "ఇది ఒరిజినలేనా అన్నా?" అన్న ప్రశ్న కంటే "దీనికి ఏం చేశారు?" అన్న ప్రశ్నకే త్వరగా జవాబు దొరుకుతుంది.

నాణేన్ని అంచులతో పట్టుకోవాలని, పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం (లూప్) ఎలా వాడాలో మీకు తెలుసనే అనుకుంటున్నా. కాటా లేకపోతే నెల్లూరు చిన్నబజారులో తెలిసిన నగల దుకాణంలో అడగండి, తూచి పెడతారు. రెండు నిమిషాల పని. అది మానేసి ఫోన్లో రెండు ఫోటోలు పంపి రేటు అడుగుతారు. ఫోటోలో బరువు తెలియదు, అంచు కనపడదు. ముందు తూచండి, తర్వాత అంచును వెలుతురులో చుట్టూ తిప్పి చూడండి. ఈ రెండూ చేయకుండా కిందివి చదివి లాభం లేదు.

బరువు తేడా వస్తోంది

1835 నుంచి 1939 దాకా కొట్టిన వెండి రూపాయి 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. వెండి 91.7 శాతం. చేతులు మారి అరిగినది 11.4 తూగినా కంగారు లేదు. బొమ్మ కొత్తదానిలా ఉండి 11.2 తూగితే మాత్రం అంచు రాకారు. అంచు మీది నిలువు గీతలు ఒకచోట లోతుగా, ఒకచోట నున్నగా ఉంటాయి.

బరువు ఎక్కువ వస్తే బొమ్మలోని తలకి పైభాగాన అంచు చూడండి. కొక్కెం ఊడదీసిన చోట టంకం మిగిలి ఉంటుంది, అక్కడ గీతలు పూడిపోయి ఉంటాయి. కాసుల పేరులోంచి విడదీసిన సవరన్లకీ (బ్రిటిష్ బంగారు నాణేలకీ) ఇదే పరీక్ష, వాటి బరువు 7.98 గ్రాములు.

ఇంట్లో కొక్కెంతో ఉన్న నాణెం ఉంటే అమ్మే ముందు దాన్ని తీయించకండి. దయచేసి. కొక్కెంతో ఉన్నది నగగానైనా అమ్ముడుపోతుంది. తీయించి రాకించినది నగా కాదు, సేకరణకీ పనికిరాదు.

అన్నీ సరిగ్గా ఉన్నాయి, తర్వాత తల పైన గుండ్రటి మచ్చ తేలింది

అందరూ మోసపోయేది ఇక్కడే. బరువు 11.6. అంచు గీతలు చుట్టూ ఒకే తీరు. అయస్కాంతం అంటదు. నీళ్ళలో తూచినా సాంద్రత 10.3 దగ్గరే వస్తుంది. నమ్మకంగా కొంటారు. కొన్నాళ్ళకి రంగు మారుతుంది, రాణి తల పైన చిన్న వలయం బయటపడుతుంది. అది పూడ్చిన బొక్క.

మన వైపు వెండి రూపాయి బీరువాలో కంటే ఒంటి మీదే ఎక్కువ బతికింది. పిల్లల మొలతాడుకి, మెడలో దారానికి కట్టేవాళ్ళు. బొమ్మ నిటారుగా వేలాడాలని బొక్క తల పైనే వేసేవాళ్ళు. "మా అవ్వ కట్టిందే, ఇంట్లోనే ఉండాది" అని తెచ్చేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. మధ్యలో అది ఏ చేతికి వెళ్ళి వచ్చిందో వాళ్ళకీ తెలియదు.

పూడ్చే పద్ధతి ఇది. బొక్కలో వెండి ముక్క దిగ్గొట్టి, వెలిగారం పూసి, టంకం కరిగిస్తారు. ఆకురాయితో చదును చేసి, పోయిన గీతల్ని చీర్ణంతో దిద్దుతారు. చివర గంధకంతో నల్లబరుస్తారు. చెయ్యి తిరిగిన పనివాడైతే డాక్టరు పన్ను పూడ్చినంత నీటుగా వస్తుంది. నింపింది కూడా వెండే కాబట్టి కాటాకీ నీళ్ళకీ దొరకదు. బొక్క అంచుదాకా రాలేదు కాబట్టి అంచు పరీక్షకీ దొరకదు.

దొరికేది వెనకవైపు. 1862 విక్టోరియా రూపాయి తీసుకోండి. ముందువైపు విక్టోరియా అన్న మాట ఎడమన, క్వీన్ అన్న మాట కుడిన, తల పైన ఖాళీ. అక్కడ పూడ్చినవాడికి చదును చేయడం తప్ప పెద్ద పని లేదు, అందుకే ముందువైపు ఎంతసేపు చూసినా పట్టుకోలేరు. తిప్పి, సరిగ్గా అదే చోట చూడండి. అక్కడ ఆకులూ తీగా ఉన్నాయి, పోయినవాటిని అతను చేత్తో చెక్కాలి. అచ్చులో పడ్డ ఆకు మెత్తగా ఉబికి ఉంటుంది. చెక్కిన ఆకు పక్కన సన్నటి గాడి ఉంటుంది, నేల, అంటే బొమ్మ లేని చదును భాగం, కొంచెం పల్లమవుతుంది. అంచు వెంబడి పళ్ళలా ఉండే చిన్న గుర్తుల వరస కూడా ఆ మేరకి చిన్నాపెద్దా అవుతుంది. జార్జి రూపాయిలో పైన కిరీటం కొస ఉంది కాబట్టి ముందువైపే దొరికిపోతాడు.

ట్యూబులైటు కింద చూస్తే ఇవేవీ కనపడవు. లైటు ఆర్పి, ఫోన్ టార్చిని బల్లకి ఆనించి పక్కనుంచి వేయండి. నాణేన్ని మెల్లగా తిప్పుతుంటే ఒక కోణంలో వెంట్రుకంత సన్నటి వలయం తళుక్కుమంటుంది. టంకంలో సూదిమొనంత బుడగ గుంటలూ ఉండొచ్చు. నలుపు కూడా గమనించండి. కాలం తెచ్చిన నలుపు అక్షరాల సందుల్లో ఎక్కువ, ఎత్తుల మీద తక్కువ. గంధకం పెట్టిన నలుపు ఆ చుట్టుపక్కల అంతా ఒకటే. పైపూత ఏదైనా ఉందేమోనని అనుమానమైతే అసిటోన్‌లో ముంచిన దూదితో అద్దండి, రుద్దకండి, పొయ్యి దగ్గర అసలే వద్దు. వెండికి ఏమీ కాదు, పూత ఉంటే దూదికి వస్తుంది.

వేలి కొస మీద పెట్టి ఇంకో నాణెంతో తట్టే పరీక్షని మాత్రం పూర్తిగా నమ్మొద్దు. దిగ్గొట్టి వదిలేసినదైతే మోగదు. బాగా టంకం పట్టినది ఖంగుమనే మోగుతుంది.

తేలాక ఏం చేయాలి? నాణేన్ని ఏమీ చేయొద్దు. పూడ్చినది తవ్వించొద్దు, మళ్ళీ వేడి చేయించొద్దు. నాణెం పెట్టే హోల్డర్ మీద "రంధ్రం పూడ్చినది" అని రాయండి, అమ్మితే ఆ మాట చెప్పి అమ్మండి. కొనేటప్పుడు వెండి ధర మీద కొంచెం తప్ప ఇవ్వకండి. 1862, 1918 సంవత్సరాల మామూలు రూపాయిలు చెరొకటి మంచివి దగ్గర పెట్టుకుంటే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఎన్ని పుస్తకాలు చదివినా దానికి సాటి రాదు.

1939 రూపాయి దొరికింది అంటున్నారు

91.7 శాతం వెండితో వచ్చిన చివరి రూపాయి అది, అరుదు. 1940 నుంచి వెండి సగానికి దిగింది, బరువు మాత్రం అదే. అందుకే 1938లోని 8కి కింది సున్న ఎడమ పక్క గీకి 9 చేస్తారు. ఆ సంవత్సరంలోనే ఇంకో 9 ఉంది కదా, రెండూ పోల్చండి. తోకలు కలవకపోతే మార్చినదే. గీకిన చోట నేల కూడా గరుకుగా ఉంటుంది.

పాలలా తెల్లగా మెరుస్తోంది

చింతపండు, టూత్‌పేస్టు, లేదా యాసిడ్. పోయిన పైపొర తిరిగి రాదు. ఇకమీద తోమకండి, అంతే.

చిన్న చిన్న ముద్రలు గుచ్చినట్టున్నాయి

ఆర్కాట్ రూపాయిల మీద ఇవి మామూలు. 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళేదాకా నెల్లూరు ఆర్కాట్ నవాబు ఏలుబడిలోదే, ఆ రూపాయిలే ఇక్కడ చెల్లేవి. లోపల కూడా వెండేనా అని చూడటానికి షరాబులు, అంటే డబ్బు మార్చే వర్తకులు, గుచ్చిన గుర్తులవి. పూడ్పించారో, చరిత్రని చెరిపేసినట్టే.

బంగారు నాణెం మీద రాజు ముఖానికి అడ్డంగా గాటు

పొలంలో దొరికిన రోమన్ నాణెమైతే ఆ గాటు పాతదే కావచ్చు. 1898లో పుదుక్కోట్టైలో బయటపడ్డ రోమన్ బంగారు నాణేల్లో ఎక్కువ వాటికి ఇలాంటి గాట్లే ఉన్నాయి. మన నెల్లూరు దగ్గరే 1786లో ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలి, కుండలో రోమన్ నాణేలు దొరికాయి. వాటిలో చాలా భాగం బంగారం కింద అమ్ముడై కరిగిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మీకు దొరికితే కడగకండి, అమ్మకండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి.

మిగతావి

రెండు వైపులా ఒకే బొమ్మ ఉంటే, ఒకదాన్ని తొలిచి రెండోదాన్ని అందులో కూర్చారు. అంచు లోపలివైపు అతుకు కనపడుతుంది. 1943 నుంచి 1947 దాకా వచ్చిన కంచు చిల్లి కానీకి నడుమ బొక్క టంకశాలే వేసింది, దాన్ని పూడ్పించకండి. దేవుడి బొమ్మతో ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అని ఉన్నవి కంపెనీ నాణేలే కావు. బియ్యాన్ని తనవైపు లాక్కునే మహిమ ఉందని ఎవరైనా అవి చూపించి డబ్బు అడిగితే పోలీసులకి చెప్పండి.