ఫించ్‌లను తెచ్చే ముందు: పంజరం, లైటు జాగ్రత్తలు

జీబ్రా ఫించ్‌ల (ఆస్ట్రేలియాకు చెందిన చిన్న పెంపుడు పిట్టలు) జంటను తెచ్చేశాక పంజరం సంగతి చూద్దాంలే అనుకోవద్దు. ముందు ఇవి చూసుకోండి.

• దుకాణంవాళ్లు ఎర్రమునియాల్లాంటి మన దేశపు అడవి పిట్టలను అంటగడితే వద్దనండి. వాటిని పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

• ఫించ్‌లు అడ్డంగా ఎగిరే పిట్టలు. అందుకే ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. కనీసం 30 అంగుళాలైనా ఉండాలి. ఊచల మధ్య సందు అర అంగుళం దాటకూడదు.

• కొత్త జీఐ మెష్‌ను (జింకు పూత పూసిన ఇనుప వలను) చేత్తో తడిమి చూడండి. గరుకుగా తగిలే బొడిపెలు జింకువి, పిట్ట కొరికితే విషమే. వెనిగర్‌తో బ్రష్ పెట్టి రుద్ది, కడిగి ఆరబెట్టాలి.

• వంటింటి దగ్గర వద్దే వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు పిట్టలు నిమిషాల్లో చచ్చిపోతాయి. ఏసీ గాలి కూడా సూటిగా తగలకూడదు.

• లైటు విషయంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. కిటికీ పక్కన పెట్టాం కదా అంటారు, కానీ పిట్టల ఒంట్లో విటమిన్ డి తయారవడానికి కావాల్సిన ఎండలోని యూవీబీ కిరణాలను అద్దం దాదాపు మొత్తం ఆపేస్తుంది. పక్షుల కోసం అమ్మే ఫుల్ స్పెక్ట్రమ్ (ఎండను పోలిన వెలుగునిచ్చే) లైటును పంజరం బయట, పైన బిగించండి. వైరు ముక్కుకు అందకూడదు. ఒక మూల నీడ వదలండి. టైమర్‌తో రోజుకు 12 గంటలు చాలు. వెలుగు ఉండే గంటలు మరీ పెంచితే మానకుండా గుడ్లు పెట్టి ఆడపిట్ట నీరసించిపోతుంది. లైటు ఠక్కున ఆరితే బెదిరి ఊచలకు కొట్టుకుంటాయి. కరెంటు పోవడం మనకు మామూలే కాబట్టి ఇన్వర్టర్ లైన్ మీద చిన్న బెడ్‌లైటు ఉంచండి.

• చీమలు పట్టకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి.