రోడ్డు పక్క బొమ్మల మరుగుదొడ్డి: చూసేవాళ్ల దారి వేరు, వాడుకునేవాళ్ల దారి వేరు

న్యూజిలాండ్ ఉత్తర కొసన కావాకావా అనే చిన్న ఊరుంది. అక్కడ టూరిస్టులు బండి ఆపేది ఒక మరుగుదొడ్డి చూడటానికి. హుండర్ట్‌వాసర్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు రూపం గీసి ఇస్తే 1999లో పూర్తయింది. గోడల్లో రంగు సీసాలు, పాత బ్యాంకు కట్టడం నుంచి తెచ్చిన ఇటుకలు, బడిపిల్లలు చేసిన పెంకులు, కప్పు మీద గడ్డి. ఏరి తెచ్చిన సరుకుతోనే అంత అందం వచ్చింది. తిరుపతి–చిత్తూరు రోడ్డు మీద అలాంటిది కట్టాలంటే సరుకంతా చుట్టుపక్కలే దొరుకుతుంది. టైల్స్ షాపుల వెనక పడేసిన ముక్కలు, గ్రానైటు పాలిష్ పట్టేచోట మిగిలే తుక్కు, ఖాళీ సీసాలు, శ్రీకాళహస్తిలో గీత గీయటం తెలిసిన చేతులు.

టోక్యో షిబుయాలో గడియ పెట్టగానే మసకబారే గాజు గదులు కట్టారు. దాన్ని మాత్రం నమూనాగా తీసుకోవద్దు. గాజు పగిలితే మార్చే మనిషి చిత్తూరులో దొరకడు. అంతకన్నా ముఖ్యంగా, గాజు గదిలోకి మన ఆడవాళ్లు అడుగుపెట్టరు.

అందంగా కట్టిన దొడ్డి దగ్గర రెండు రకాల జనం చేరతారు. ఒకరు ఫోన్ ఎత్తి ఫొటో తీసేవాళ్లు, ఇంకొకరు అవసరం కొద్దీ వచ్చేవాళ్లు. తలుపులున్న వైపే బొమ్మలు వేస్తే, ఎవరో ఫొటో తీస్తుంటే ఏ ఆడమనిషీ ఆ తలుపు తీసుకుని బయటికి రాదు. పది రోజుల్లో ఆడవాళ్ల వైపు వాడకం ఆగిపోతుంది. అందుకని రోడ్డు వైపు గోడకు తలుపు, కిటికీ ఏవీ పెట్టకండి. అది పూర్తిగా బొమ్మకే. ఆడవాళ్లకు ఒక పక్క నుంచి, మగవాళ్లకు రెండో పక్క నుంచి దారి ఇచ్చి, ముందు 2 మీటర్ల ఎత్తు అడ్డుగోడ కట్టండి. గోడకు 6 మీటర్ల దూరంలో ఒక అరుగు కట్టి వేపచెట్టు పెడితే, ఫొటో తీసేవాళ్లు వాళ్లంతట వాళ్లే అక్కడ నిలబడతారు. అరుగు మీది నుంచి ఏ ద్వారమూ కనబడకుండా చూసుకోండి.

స్థలం మలుపులో వద్దు. రోడ్డు తిన్నగా ఉన్నచోట, బస్సు పక్కకు దిగి మళ్లీ ఎక్కేంత జాగా ఉండాలి. రోడ్డు శాఖ హద్దు ఎక్కడి దాకా ఉందో ముందే కొలిపించి, దానికి ఇవతల పునాది తీయండి. గుడికి గానీ, దారి పక్క చిన్న అమ్మవారి రాయికి గానీ ఎదురుగా ద్వారం రాకూడదు. బొమ్మల విషయంలోనూ ఇదే పట్టింపు. దేవుళ్లు, గోపురం, నామం, శంఖుచక్రాలు ఈ గోడ మీద వద్దే వద్దు. అందానికి లోటేమీ రాదు. శేషాచలం బండల సందుల్లో ఉండే బంగారు బల్లి, తోతాపురి మామిడి, చిలకలు, కలంకారీ లతలు ఉన్నాయి కదా.

ఒక లెక్క చెబుతాం. రోజుకు 400 మంది వాడేదానికి 11 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కట్టడం. ఆడవాళ్లకు 4 గదులు, మగవాళ్లకు 2 గదులు, 3 మూత్రశాలలు. ఆడవాళ్లవి తగ్గించి మగవాళ్లవి పెంచితే బారు ఎప్పుడూ ఒకవైపే ఉంటుంది. చక్రాల కుర్చీ వాడేవాళ్లకు 2.2 మీటర్లు × 2 మీటర్ల గది ఒకటి, తలుపు వెడల్పు 90 సెం.మీ., ర్యాంపు 12 అడుగులకు 1 అడుగు లేచేలా. కాలినడకన కొండకు వెళ్లేవాళ్లు ఈ దారిన గుంపులుగా వస్తారు. వాళ్లకోసం రెండు వైపులా ఒక్కో స్నానాల గది, బయట కాళ్లు కడుక్కునే కుళాయిల గట్టు తప్పకుండా పెట్టండి. చాలామందికి దొడ్డి కన్నా ఆ గట్టే ముందు కావాలి.

మనిషికి 8 లీటర్ల చొప్పున రోజుకు 3,200 లీటర్లు మురుగులోకి పోతాయి. పైన 2,000 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టి, స్నానాలకూ కాళ్లకూ వేరే ట్యాంకు పెట్టండి. సెప్టిక్ ట్యాంకు లోపలి కొలత 3.2 మీటర్ల పొడవు, 1.5 వెడల్పు, నీటి లోతు 1.5. పైన 30 సెం.మీ. ఖాళీ వదలాలి. మూడింట రెండు వంతుల దగ్గర అడ్డుగోడ రావాలి. నీళ్లు బయటికి పోయే గొట్టం లోపలికి వచ్చే గొట్టం కన్నా 5 సెం.మీ. కిందకు ఉండాలి. దీన్ని తిరగేసి పెట్టిన చోట మొదటి నెలలోనే మురుగు పాన్‌లోకి ఎదురు తంతుంది. స్నానం నీళ్లు, కాళ్లు కడిగిన నీళ్లు ఈ ట్యాంకులోకి పంపకండి. సబ్బు నీళ్లు ఎక్కువైతే లోపల కుళ్లే పని సరిగా జరగదు. వాటిని అరటి, మెట్టతామర మళ్లకు మళ్లించండి. ఇంకుడుగుంత తవ్వే ముందు నవంబరు వానల్లో ఆ నేలలో నీళ్లు ఎంత పైకి వస్తాయో ఊళ్లో అడగండి. వేసవిలో తవ్వి లోతు చాలుననుకున్న గుంత ఈశాన్య వానలకు నిండి పొర్లుతుంది. ట్యాంకు తోడటానికి యంత్రమే రావాలి. మనిషిని లోపలికి దించటాన్ని, మనుషులతో మలం ఎత్తించే పనిని ఆపటానికి వచ్చిన 2013 చట్టం నిషేధించింది. అది ప్రాణం తీసే పని. ట్యాంకరు పైపు అందే చోటే మూత పెట్టించండి.

లోపల కళ వద్దు. గోడలకు 2.1 మీటర్ల దాకా తెల్లటి పెద్ద టైల్స్, నేలకు జారని టైల్స్, 50కి 1 వాటం. సందుల్లో సిమెంటు గ్రౌటు కాకుండా, తడి పీల్చని ఎపాక్సీ గ్రౌటే నింపండి. సిమెంటు సందు మూత్రం పీల్చుకుంటుంది. ఎంత కడిగినా వాసన పోకపోవటానికి ఎక్కువ చోట్ల అదే కారణం.

బొమ్మ గోడ

11 మీటర్ల పొడవు, 2.7 ఎత్తు అంటే సుమారు 30 చదరపు మీటర్లు. తరుగుతో కలిపి 35 చ.మీ.కు సరిపడా ముక్కలు, దాదాపు 700 కిలోలు, కావాలి. టైల్స్ అతికించే జిగురు పొడి చ.మీ.కు 5 కిలోలు, అంటే 20 కిలోల బస్తాలు 8. గ్రౌటు 55 కిలోలు. షాపుల్లో ఊరికే దొరికే ముక్కలన్నీ తెలుపు, క్రీము, గోధుమ రంగులే. బల్లికి కావలసిన నిండు పసుపు 4 చ.మీ.కు సరిపడా కొనుక్కోవాలి. బయటి గోడకు విట్రిఫైడ్ (గట్టిగా కాల్చిన, నీళ్లు పీల్చని) టైల్స్ ముక్కలు వాడండి. మామూలు గోడ టైల్ వెనక మట్టి నీళ్లు తాగుతుంది. ఏప్రిల్ ఎండకూ రాత్రి చల్లదనానికీ అది పెంకు లేచి ఊడుతుంది. ముదురు రంగు నునుపు టైల్స్ మీద బోరు నీళ్ల ఉప్పు తెల్లగా కడుతుంది, కాళ్లు కడుక్కునే గట్టు దగ్గర అవి వద్దు.

సిమెంటు పూత అయ్యాక 14 రోజులు ఆగాలి, మొదటి 7 రోజులు నీళ్లు పట్టాలి. పచ్చి పూత మీద అతికిస్తే అది కుదించుకునేటప్పుడు ముక్కల్ని తోసేస్తుంది. ఈ పనికి జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు.

కలంకారీలో వెదురు కలంతో, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్ల రంగుతో ముందు గీత గీస్తారు, రంగులు ఆ తర్వాత. ఇక్కడా అదే వరస. గళ్లు కొట్టిన కాగితం మీద బొమ్మ గీసి, గోడ మీద దారంతో ఒక్కో అడుగు గళ్లు కొట్టి, సుద్దతో ఎక్కించండి. ముందు నల్ల గ్రానైటు చీలికలతో గీత మొత్తం అతికించి, మర్నాడు లోపల రంగు నింపండి. పరుగెత్తే బండిలోంచి చూసేవాళ్లకు అంగుళం వెడల్పు గీత కనబడదు. 4 అంగుళాలు ఉండాలి.

టైల్‌ను గోనెసంచిలో చుట్టి వెనక వైపు సుత్తితో కొట్టండి. 5 నుంచి 9 సెం.మీ. ముక్కలు బాగుంటాయి. జిగురు ఒకసారికి అర చదరపు మీటరు మేరే పూయాలి. వేలు పెడితే అంటాలి. అంటకుండా పొర కట్టిందంటే గీకేసి మళ్లీ పూయండి. ముక్క పెట్టి అరచేత్తో అదిమి కొంచెం తిప్పితే జిగురు వెనకంతా సర్దుకుంటుంది. సందు 3–5 మి.మీ. బల్లి కన్ను దగ్గర ముక్కలు గోరంత ఉంటాయి, అక్కడికి ఒక పూట పడుతుంది. పడనివ్వండి. జనం దగ్గరికొచ్చి చూసేది ఆ కన్నునే. ప్రతి 3 మీటర్లకు నిలువునా 6 మి.మీ. సందు వదిలి సిలికాన్ నింపండి. ఈ సందు లేని గోడ మొదటి వేసవిలోనే మధ్యలో ఉబ్బుతుంది. 2 మీటర్ల ఎత్తు దాకా ప్రతి అంచునూ సానరాయితో రుద్దాలి. పిల్లలు గోడను తడుముకుంటూ నడుస్తారు. ఇద్దరు పనివాళ్లు రోజుకు 2 చ.మీ. మించి చేయలేరు, 15 రోజులు వేసుకోండి.

వెలుతురుకు పక్క గోడల్లో సీసాలు పెట్టవచ్చు, 2.1 మీటర్ల పైనే. రెండు సీసాల అడుగు భాగాలు నీళ్లు పోస్తూ కోసి తీసుకుని, కోసిన అంచులు ఒకదానికొకటి ఆనించి టేపు చుడితే 9 అంగుళాల గోడకు సరిపోయే గాజు ఇటుక అవుతుంది. లోపల పూర్తిగా ఆరాకే అతికించండి, తడి ఉంటే పాచి పడుతుంది. సీసాకు సీసాకు మధ్య 2 సెం.మీ. సిమెంటు ఉండాలి.

కాపలా మనిషికి గది, ఫ్యాను, సామాను అల్మారా కట్టడంలోనే లెక్క వేయండి. తర్వాత చూద్దామంటే ఎప్పటికీ రాదు. బాత్రూము యాసిడ్ పాన్‌లో తప్ప ఎక్కడా పడకూడదు. బొమ్మ గోడ మీద పోస్తే గ్రౌటు తినేస్తుంది, గ్రానైటు మెరుపు పోతుంది. ఆ గోడకు సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. ఏడాదికోసారి, వానలకు ముందు, రూపాయి బిళ్లతో గోడంతా తట్టి చూడండి. డొల్ల మోత వచ్చిన చోట ముక్క తీసి, వెనక గీకి, కొత్త జిగురుతో పెట్టండి. అందుకని ప్రతి రంగు ముక్కలూ ఒక్కో బస్తా, పేరు రాసి, కాపలా గదిలో దాచండి. ఆ పసుపు రెండేళ్ల తర్వాత షాపులో దొరకదు.