అమెరికాలో పార్క్స్ అండ్ రిక్రియేషన్ డైరెక్టర్‌గా ఎదగడం ఎలా?

అమెరికాలోని చాలా నగరాల్లో పార్కులు, ఆటస్థలాలు, ఈత కొలనులు, కమ్యూనిటీ సెంటర్లు ఒకే శాఖ కింద ఉంటాయి. ఆ శాఖ డైరెక్టర్‌కు చెట్లూ ఆటలూ తెలిస్తే చాలదు, కౌన్సిల్‌ను ఒప్పించి డబ్బు తెచ్చుకోవడం రావాలి.

1. కింది నుంచి మొదలుపెట్టండి. సమ్మర్ క్యాంపు, లైఫ్‌గార్డు లాంటి సీజనల్ ఉద్యోగాలే చాలామందికి తొలి మెట్టు. రిక్రియేషన్ మేనేజ్‌మెంట్ డిగ్రీ అయినా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అయినా ఫర్వాలేదు. కానీ కార్యక్రమాల వైపే ఉండిపోకండి, పార్కుల నిర్వహణ (మెయింటెనెన్స్) విభాగంలోనూ పనిచేయండి. అది తెలియని డైరెక్టర్ బడ్జెట్ సమావేశంలో ఇట్టే దొరికిపోతారు.

2. సర్టిఫికెట్లు తెచ్చుకోండి. 1965లో ఏర్పడిన నేషనల్ రిక్రియేషన్ అండ్ పార్క్ అసోసియేషన్ సీపీఆర్‌పీ (సర్టిఫైడ్ పార్క్ అండ్ రిక్రియేషన్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ ఇస్తుంది, పై హోదాలకు సీపీఆర్‌ఈ (ఎగ్జిక్యూటివ్ స్థాయి సర్టిఫికెట్) ఉంది. మా లెక్కలో ముందు చేయాల్సింది మాత్రం ఆటస్థలాల భద్రతా తనిఖీకి సంబంధించిన సీపీఎస్‌ఐ. మూడేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి.

అది నేర్పే చూపు వేరు. ఆట పరికరాల కింద పరిచే చెక్క ముక్కల పొర 9 అంగుళాలు ఉంటే 10 అడుగుల ఎత్తు నుంచి పడినా ప్రాణాపాయం తగ్గుతుందని ఫెడరల్ మార్గదర్శకాలు చెబుతాయి. అయితే ఆ పొర కనీసం పావు వంతు అణిగిపోతుంది కాబట్టి మొదట 12 అంగుళాలు పోయాలి. ఉయ్యాల కింద, జారుడుబల్ల దిగే చోట పిల్లల కాళ్లకు అది పక్కకు నెట్టుకుపోయి గుంట పడుతుంది. స్తంభం మీద రంగుతో గీత గీసి ఉంచితే ఎంత తగ్గిందో ఎవరికైనా కనిపిస్తుంది. 'పరికరాలు పాతబడ్డాయి' అంటే కౌన్సిల్ తలూపి ఊరుకుంటుంది. 'తొమ్మిది ఉండాల్సిన చోట నాలుగే ఉంది' అని ఫొటో పెడితే ప్రశ్నలు వేస్తుంది. మీకు కావాల్సింది ఆ ప్రశ్నలే.

3. సమయం చూసి అడగండి. చాలా నగరాల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. బడ్జెట్‌పై బహిరంగ విచారణ వసంతకాలంలో జరిగినా, అంకెలు అప్పటికే దాదాపు ఖాయమై ఉంటాయి. అందుకే చలికాలంలోనే ఫైనాన్స్ విభాగంతో కూర్చోండి.

4. గ్రాంటు షరతులు ముందే చదవండి. పార్కులకు, వినోద స్థలాలకు డబ్బిచ్చే ఫెడరల్ నిధి ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్‌కు 2020 చట్టం ఏటా 90 కోట్ల డాలర్లు శాశ్వతంగా కేటాయించింది. అందులో రాష్ట్రాల ద్వారా నగరాలకు వచ్చే సాయానికి సాధారణంగా సగం ఖర్చు మీరు పెట్టుకోవాలి. పైగా ఆ స్థలం శాశ్వతంగా ప్రజల వినోదానికే ఉండాలి. వేరే పనికి మళ్లించాలంటే సమాన విలువగల స్థలం ఇవ్వక తప్పదు. గ్రాంటు పార్కు కడుతుంది, గడ్డి కోయదు. ప్రతి ప్రతిపాదనలో ఏటా అయ్యే నిర్వహణ ఖర్చును మొదటి పేజీలోనే రాయండి. అది దాచి కట్టిన పార్కులే కొన్నేళ్లకు తాళం పడతాయి.

5. హద్దు దాటకండి. పార్కుల కోసం నగరం అప్పు తెచ్చుకునే బాండు ప్రజల ఓటింగ్‌కు వచ్చినప్పుడు ఉద్యోగులు పని వేళల్లో, ప్రభుత్వ ఈమెయిల్‌తో 'అవునని ఓటెయ్యండి' అనకూడదు. ఖర్చు ఎంత, పన్ను ఎంత పెరుగుతుంది, ఏం కడతారు అన్న వాస్తవాలు చెప్పవచ్చు. ప్రచారం పౌరుల బృందాలు చేసుకుంటాయి. ఎంతవరకు అనుమతి ఉందో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కరపత్రం అచ్చుకు వెళ్లకముందే నగర న్యాయవాదికి చూపించండి.