షుగర్ టెస్టులు సరిగ్గా చేయించుకునేది ఎట్లా? ఆక్సిడేటివ్ స్ట్రెస్ టెస్టుల సంగతేంది?

మా చిన్నాయన రెండు రిపోర్టులు తెచ్చి మంచం మీద పడేసినాడు, ఒక ల్యాబ్‌లో ఫాస్టింగ్ 97 అంట ఇంకో ల్యాబ్‌లో 118 అంట, అంతా మోసం అంటాడు. తీరా కూర్చోబెట్టి అడిగితే రెండోదానికి పోయే ముందు కడప సెవెన్ రోడ్స్ దగ్గర టీ తాగినాడు. "చక్కెర లేకుండానే తాగినా కదరా!" పాలల్లో ఉండేది కూడా చక్కెరే కదా చిన్నాయనా.

కాబట్టి మొదట ఫాస్టింగ్ సంగతి చూద్దాం. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా సంగటో అన్నమో తినేసి పడుకోండి, కనీసం 8 గంటలు ఖాళీ కడుపు ఉండాలి, అట్లని పదహారు గంటలు కూడా ఉండొద్దు. నీళ్లు ఎన్నైనా తాగొచ్చు. టీ, కాఫీ, బీడీ, వక్కాకు, పొద్దున్నే వాకింగ్ ఇవేం వద్దు. జ్వరం ఉన్నప్పుడు, స్టెరాయిడ్ మందులు వాడేటప్పుడు షుగర్ మామూలుగానే పెరుగుతుంది, ఆ వారం రిపోర్టు చూసి భయపడొద్దు. షుగర్ మాత్ర వేసుకునేవాళ్లు పొద్దుటి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి పోండి. ఫాస్టింగ్ 100 లోపల ఉంటే నార్మల్, 100 నుంచి 125 బోర్డర్, 126 నుంచి షుగర్ అంటారు, కానీ లక్షణాలేం లేకుంటే ఒక్క రిపోర్టుతో తేల్చేయరు, ఇంకోసారి కూడా ఎక్కువ రావాల.

ఇంకోటి, రక్తం తీసేటప్పుడు ట్యూబు మూత రంగు చూడండి. షుగర్ టెస్టుకు బూడిద రంగు మూత ట్యూబు వాడతారు, దాంట్లో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేని ట్యూబులో రక్తం పోసి పక్కన పెడితే రక్తకణాలే ఆ గ్లూకోజుని తింటా పోతాయి, గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. పల్లెలో పొద్దున తీసిన శాంపిల్ మధ్యాహ్నం టౌనుకు చేరేసరికి ఉన్న షుగర్ కూడా లేనట్టు కనపడొచ్చు, అందుకే అడగడంలో తప్పేం లేదు.

తిన్నాక చేసేదానికి రెండు గంటలు లెక్క పెట్టేది మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి, చెయ్యి కడుక్కున్నాక కాదు. రోజూ తినేదే తినండి. రోజూ మూడు కారం దోసెలు లాగించేవాళ్లు ఆ రోజు మాత్రం రెండు ఇడ్లీలతో సరిపెట్టి రిపోర్టు బాగొచ్చిందని సంబరపడితే ఎవర్ని మోసం చేసినట్టు?

శరీరానికి పని పెట్టి అది ఎట్లా తట్టుకుంటుందో చూసే అసలు టెస్టు అంటే నా లెక్కలో ఓజీటీటీ, అంటే గ్లూకోజ్ తాగించి చూసే టెస్టు. బండి స్టాండ్ వేసి ఇంజిన్ సౌండ్ వినేది వేరు, గువ్వలచెరువు ఘాట్ ఎక్కించి చూసేది వేరు కదా, ఇది ఘాట్ ఎక్కించేది. ముందు మూడు రోజులు అన్నం తగ్గించకుండా మామూలుగా తినాల, ఆ రోజు ఫాస్టింగ్ రక్తం ఇచ్చి 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని అయిదు నిమిషాల్లోపల తాగేయాల. ఆ 75 తేమ లేని గ్లూకోజ్ లెక్క, తేమ ఉండే రకం పొడి అయితే 82.5 గ్రాములు వేస్తారు. తాగినాక వికారంగా ఉంటుంది, అయినా రెండు గంటలు కదలకుండా కూర్చోవాల, బయట తిరిగొస్తే లెక్క తప్పుతుంది. రెండు గంటల రీడింగు 140 లోపల నార్మల్, 199 దాకా బోర్డర్, 200 నుంచి షుగర్. షుగర్ ఉందని ముందే తేలినవాళ్లకు దీంతో పనిలేదు. చిన్నాయనకు 164 వచ్చింది, డాక్టరు మందు రాయకుండా నడక, తిండి చెప్పి మూడు నెలలకు రమ్మన్నాడు.

దీంతో పాటు ఫాస్టింగ్ ఇన్సులిన్ కూడా చేయిస్తే ఇంకో లెక్క వస్తుంది, హోమా ఐఆర్ అంటారు. ఫాస్టింగ్ షుగర్‌ని ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాల. షుగర్ 108, ఇన్సులిన్ 15 అనుకోండి, 4 వస్తుంది, అంటే ఇన్సులిన్ ఎక్కువ పోస్తేగానీ శరీరం మాట వినడం లేదని అర్థం. 2.5 దాటితే చాలామంది డాక్టర్లు అనుమానపడ్తారు, కానీ అందరూ ఒప్పుకున్న గీత ఏదీ లేదు, ల్యాబ్‌ని బట్టి ఇన్సులిన్ రీడింగు కూడా మారుతుంది.

హెచ్‌బీఏ1సీకి ఖాళీ కడుపు అక్కర్లేదు, మూడు నెలల సగటు చెప్తుంది. 5.7 లోపల నార్మల్, 6.5 నుంచి షుగర్. ఒక్క చిక్కుంది, ఐరన్ తక్కువై రక్తం లేనివాళ్లకు ఇది లేని షుగర్‌ని ఉన్నట్టు చూపించొచ్చు, ఈ మధ్య రక్తం పోయినా, ఎక్కించుకున్నా మళ్లీ తేడానే. ముఖ్యంగా ఆడవాళ్లు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

ఇంక ఆక్సిడేటివ్ స్ట్రెస్. షుగర్ ఎక్కువైనప్పుడు కణాల్లోని మైటోకాండ్రియా ఆ గ్లూకోజుని కాల్చలేక కాల్చి సూపర్ఆక్సైడ్ అనే పొగ లాంటిది ఎక్కువ వదులుతుంది, శరీరం తట్టుకోలేనంతగా అట్లాంటి పొగ పేరుకోవడమే ఆక్సిడేటివ్ స్ట్రెస్, రక్తనాళాలు, కిడ్నీ, కంటి నరాలు దెబ్బ తినేదానికి అదొక కారణమని సైన్సు చెప్తుంది, ఇది అబద్ధం కాదు. దాన్ని కొలిచే టెస్టులూ ఉన్నాయి, మూత్రంలో 8-ఓహెచ్‌డీజీ, ఐసోప్రోస్టేన్లు, రక్తంలో ఎండీఏ, గ్లూటాథయోన్. రీసెర్చిలో పనికొస్తాయి, కానీ షుగర్ పేషెంటుకి ఇంత దాటితే ఈ మందు అనే గీత వీటికి లేదు. రిపోర్టు చేతికొచ్చినాక డాక్టరు చేసేదేముంది? మామూలుగా యాంటీ ఆక్సిడెంట్ మాత్రల డబ్బా అంటగడ్తారు. 2000లో వచ్చిన హోప్ ట్రయల్‌లో విటమిన్ ఇ రోజుకు 400 యూనిట్లు ఏళ్ల తరబడి ఇచ్చి చూసినా గుండెపోట్లు తగ్గలేదు. నన్నడిగితే ఆ టెస్టులకు పెట్టే డబ్బులతో మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో (కిడ్నీ దెబ్బ తిన్నదా చూసేది), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్టు), కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. ఆల్బుమిన్ రేషియో 30 లోపల ఉండాల. దెబ్బ తగిలిందా లేదా అనేది వీటిల్లో కనపడుతుంది, కనపడితే చేసేదానికి మందులూ ఉన్నాయి. ఒకవేళ విటమిన్ సి మాత్రలు గట్టిగా మింగుతుంటే ల్యాబ్‌లో చెప్పండి, మూత్రంలో షుగర్ చూసే స్ట్రిప్ దానికి తప్పు చూపిస్తుంది.

ఇంట్లో మీటర్ ఉంటే సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడిచి, వేలి పక్కన గుచ్చండి, కొనలో గుచ్చితే ఊరికే నొప్పి. మొన్న మా చిన్నమ్మ పిల్లోనికి చీనీకాయ వొలిచి ఇచ్చి అదే చేత్తో చూసుకుంటే 243 వచ్చింది, ఇంట్లో అందరం ఆటో పిలిచేదాకా పోయినాం. చేతులు కడిగించి మళ్లీ గుచ్చితే 131. ల్యాబ్ రీడింగుకి మీటర్ రీడింగుకి 15 శాతం దాకా తేడా మామూలే, దానికోసం మీటర్ మార్చే పనిలేదు, స్ట్రిప్పుల డబ్బా మీద ఎక్స్‌పైరీ మాత్రం చూసుకోండి, మూత గట్టిగా పెట్టండి.

ముప్పై దాటినోళ్లు పీహెచ్‌సీలో షుగర్ ఊరికే చూపించుకోవచ్చు. నాయనకో అమ్మకో షుగర్ ఉండి, నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటి ఉంటే ఈ వారమే పోండి, టీ మాత్రం వచ్చేటప్పుడు తాగండి.