సంఘం లీడర్‌గా మనం ఎంత ఎదిగామో చూసుకోవడం ఎలా

పొదుపు సంఘాలకి లీడర్లుగా ఉన్న అక్కలకి, చెల్లెళ్ళకి ఇది రాస్తున్నా. మా ఊళ్ళో సంఘాల పుస్తకాలు రాసే పని నాది, యానిమేటర్ అనండి వీవోఏ అనండి, చాలా ఏళ్ళ నుంచి ఇదే పని కాబట్టి లీడర్లు బ్యాంకులో ఎలా మాట్లాడతారో, మీటింగ్‌లో ఎప్పుడు గొంతు పెంచుతారో, ఎవరి మాట వింటారో ఎవరి మాట దాటేస్తారో అన్నీ పక్కనే కూర్చుని చూస్తుంటా. నాకు అర్థమైంది ఏంటంటే, లీడర్ ఎదిగిందా లేదా అనేది ఆవిడ మైకు ముందు ఎంత బాగా మాట్లాడుతుంది అన్నదాంట్లో తెలీదు, ఆవిడ పక్కనున్న పది మందిలో ఎంతమంది నోరు విప్పారు, ఆవిడ ఊళ్ళో లేని రోజు సంఘం ఎలా నడిచింది అన్నదాంట్లో తెలుస్తుంది. ఇది చూసుకోడానికి ట్రైనింగ్‌కి పోనక్కర్లేదు. మినిట్స్ బుక్, అప్పుల పుస్తకం, తీరిగ్గా ఒక మధ్యాహ్నం, ఇవి చాలు.

ఎప్పుడు కూర్చోవాలి అంటే, బ్యాంకు లింకేజీ అప్పు, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, తీరిపోయి కొత్త అప్పుకి ఎంసీపీ, అంటే ఎవరికి దేనికి ఎంత కావాలో చెప్పే ప్లాను, రాసుకునే ముందు. అప్పుడు కిస్తీ టెన్షన్ ఉండదు, ఎవరి మీదా కోపం ఉండదు, మనసు కాస్త నిదానంగా ఉంటుంది. సంఘానికి మార్కులు వేసే గ్రేడింగ్ టైములో మాత్రం వద్దు. అప్పుడు సంఘాల్ని చూసుకునే ఉద్యోగులు, సీసీ వస్తారు, ఏపీఎం అడుగుతారు, మన ధ్యాసంతా మార్కుల మీద ఉంటుంది. గ్రేడింగ్‌లో చూసేది పంచసూత్రాలు కదా, క్రమంగా మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు (సంఘం డబ్బులోంచి సభ్యులకే ఇచ్చేవి), తిరిగి కట్టడం, పుస్తకాలు. అవి సంఘం ఎలా ఉందో చెప్తాయి, లీడర్ ఎలా ఉందో చెప్పవు. ఒక్క మనిషే అందరి పనీ నెత్తిన వేసుకుని లాక్కొస్తున్న సంఘానికి కూడా ‘A’ గ్రేడు వస్తుంది, నేను చూశా.

ముందు మినిట్స్ బుక్. మీరు లీడర్ అయిన మొదటి ఏడాది పుస్తకం ఒకటి, ఈ ఏడాదిది ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. లెక్కలు వదిలేయండి, తీర్మానాలు మాత్రం చదవండి, ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. "లీడర్ గారు చెప్పగా సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించినారు" అనే వాక్యం మన పుస్తకాల్లో నెలనెలా ఉంటుంది, కొన్నిచోట్ల ముందే రాసిపెట్టుకుని తేదీ మాత్రం మారుస్తారు. మొదటి ఏడాది అలా ఉన్నా పర్లేదు, అప్పుడు ఎవరికీ ఏమీ తెలీదు. ఇప్పటి పుస్తకంలో కూడా అదే ఉందా? లేక "ఫలానా ఆవిడ గేదె అప్పు ముందు ఇవ్వాలని అడిగింది, ఇంకొకావిడ ఒప్పుకోలేదు, మాట్లాడుకుని వచ్చే నెలకి పెట్టాము" లాంటివి కనీసం రెండు మూడైనా ఉన్నాయా? ఒప్పుకోని మనిషి పేరు పుస్తకంలోకి ఎక్కిందంటే ఆ సంఘంలో భయం తగ్గినట్టే, అందులో మీ పాత్ర ఉంది. పుస్తకం రాసేవాళ్ళు గొడవని రాయకుండా వదిలేసి ఉండొచ్చు కూడా, అలా అనుమానం ఉంటే వాళ్ళనే అడగండి, మాకు గుర్తుంటుంది.

తర్వాత సంతకాల వరస. పాత పుస్తకంలో వేలిముద్రలు ఉంటాయి, స్టాంపు ప్యాడ్ సిరా ఎక్కువై ఎదురు పేజీకి కూడా అంటుకుని ఉంటుంది. ఆ పేర్ల దగ్గర ఇప్పుడేముంది? మా ఊళ్ళో ఒకావిడ సంతకం చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది, మొదట్లో మూడు అక్షరాల పేరు గడి దాటి కింద గడిలోకి వచ్చేది, ఒక్కో అక్షరం దగ్గర పెన్ను ఆగి చుక్క పడేది, ఇప్పుడు గడిలో సరిపోయేట్టు గబగబా పెట్టేసి పక్కావిడకి పెన్ను ఇచ్చేస్తుంది. అది నేర్పింది ఆ సంఘం లీడరే, మీటింగ్ అయ్యాక పది నిమిషాలు కూర్చోబెట్టి మరీ నేర్పింది. ఇలాంటిది మీ పుస్తకంలో ఒక్కటి ఉన్నా రాసుకోండి, మనం చేసిన మంచిని మనమే మర్చిపోతాం. అలాగే పది సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకే చేత్తో పెట్టినట్టు ఉన్న పేజీలు కూడా లెక్కపెట్టండి. అంటే ఆ నెల మీటింగ్ జరగలేదు, పుస్తకంలో మాత్రం జరిగింది. అవి ఏడాదేడాదికీ పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది మీకు మీరే చూసుకోవాలి.

ఇప్పుడు అప్పుల పుస్తకం, అసలు విషయం ఇక్కడే ఉంది. బ్యాంకు నుంచి 5 లక్షలు వచ్చాయి, పది మంది ఉన్నారు, తలా 50 వేలు పంచేశారు. చాలా సంఘాల్లో జరిగేది ఇదే. ఇలా పంచితే గొడవ ఉండదు, లీడర్‌ని ఎవరూ వేలెత్తి చూపరు. కానీ ఒకావిడకి కుట్టు మిషను కొనుక్కోడానికి 20 వేలు చాలు, ఇంకొకావిడ కిరాణా కొట్టు పెట్టాలంటే లక్ష కావాలి, ఇద్దరికీ 50 ఇస్తే ఒకరిది ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది, ఇంకొకరు మిగతాదానికి బయట వడ్డీకి తెచ్చుకుంటారు. అవసరాన్ని బట్టి ఇవ్వాలంటే మీటింగ్‌లో కూర్చుని వాదించుకోవాలి, "ఆవిడకెందుకు లక్ష, నాకెందుకు ఇరవై" అని ముఖం మీదే అడుగుతారు, లేచి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉంటారు. ఆ మాటలన్నీ అయ్యేదాకా కోపం తెచ్చుకోకుండా, మాట విసరకుండా కూర్చోగలగడం నేర్చుకోవాలి, ఒక్క రోజులో రాదు. అందుకే పాత అప్పులో ఎలా పంచారు, ఈసారి ఎలా పంచారు అని చూసుకోండి, మీ ఓపిక ఎంత పెరిగిందో ఆ అంకెల్లో కనపడుతుంది. అందరికీ ఒకే అంకె ప్రతిసారీ ఉంటే, ఇంకా గొడవకి భయపడుతున్నాం అని రాసుకోండి.

అదే పుస్తకంలో మొదటి అప్పు ఎవరికి వెళ్ళిందో కూడా చూడాలి. అంతర్గత అప్పుల్లో మీ తోడికోడలు, మీ వదిన, మీ వీధివాళ్ళు పైన ఉండి, కాలనీ అవతలి వాళ్ళ పేర్లు ఎప్పుడూ కింద ఉంటున్నాయా? కులం పేరు ఎత్తకుండానే కులం పని చేస్తుంది కదా, మీటింగ్ ఎవరి అరుగు మీద పెడతారు, ఎవరు చాప మీద కూర్చుంటారు, ఎవరు మెట్టు దగ్గరే ఆగిపోతారు, ఇవి పుస్తకంలో ఉండవు గానీ మీకు తెలుసు. మీటింగ్ స్థలం మార్చిన లీడర్లని నేను చూశా, ఒక నెల ఇక్కడ ఒక నెల అక్కడ అని. నా లెక్కలో అది కలెక్టర్ గారితో ఫోటో దిగడం కంటే పెద్ద విషయం.

కిస్తీ కట్టలేని మనిషితో ఎలా ఉన్నాం అన్నది ఇంకో పెద్ద ముక్క. ఒకరు కట్టకపోతే మొత్తం సంఘానికే చెడ్డపేరు, బ్యాంకులో మొండి బాకీ పడితే సున్నా వడ్డీ పోతుంది, కొత్త లింకేజీ ఆగుతుంది, ఆ ఒత్తిడి నిజమే. కానీ పది మందీ కలిసి ఆవిడ గుమ్మం ముందు కూర్చుని వీధి వినేలా అడగడం ఒకటి, ముందు లీడర్ ఒక్కతే సాయంత్రం పూట వెళ్ళి "ఏమైందమ్మా, ఇంట్లో ఎవరికైనా బాలేదా" అని అడగడం ఇంకొకటి. 2010లో మన దగ్గర మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ళ మీద ఎంత గోల అయ్యిందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సే తెచ్చింది. అప్పుడు గ్రూపులో ఆడవాళ్ళ చేతే తోటి ఆడవాళ్ళని అడిగించేవాళ్ళు, దాంట్లో నలిగిపోయిన ఇళ్ళున్నాయి. కాబట్టి గడిచిన రెండు మూడేళ్ళలో ఎవరెవరు కిస్తీ తప్పారో పేర్లు రాసి, ఒక్కొక్కరి పక్కన మీరు మొదట అన్న మాట ఏంటో రాయండి. గుర్తున్నది గుర్తున్నట్టు రాయండి, మెత్తగా మార్చొద్దు. మొదటి పేరు దగ్గర మాటకీ చివరి పేరు దగ్గర మాటకీ తేడా ఉందా లేదా అన్నది కాగితం మీద కనపడుతుంది.

ఇక మనుషుల్ని అడగడం. "నేను లీడర్‌గా ఎలా చేస్తున్నా" అని అడిగితే "నీకేం అక్కా, బాగా చేస్తున్నావు" అంటారు, అంతకుమించి రాదు, ఎందుకంటే రేపు అప్పు కావాలంటే మీ సంతకమే కావాలి వాళ్ళకి. దానికి బదులు చిన్న ప్రశ్నలు అడగండి, విడివిడిగా, నీళ్ళ దగ్గరో చేలో పని దగ్గరో. మన ఖాతాలో ఇప్పుడు ఎంతుందో తెలుసా? ఏ మీటింగ్‌లో అయినా ఏదైనా అందామనుకుని అనకుండా ఊరుకున్నావా? నేను లేకపోతే బ్యాంకుకి నువ్వు వెళ్ళగలవా? ఖాతాలో ఎంతుందో పది మందిలో ముగ్గురికే తెలిస్తే సంఘం మీ ఒక్కరి చేతిలోనే ఉన్నట్టు, మీరు ఎంత నిజాయితీగా ఉన్నా సరే. అందరికంటే తక్కువ మాట్లాడే ఆవిడని తప్పకుండా అడగండి. సంఘం నుంచి బయటికి పోయినవాళ్ళు ఉంటే వాళ్ళని కూడా, అది కష్టమే, వాళ్ళు మొదట మాట్లాడరు, రెండోసారి వెళ్తే మాట్లాడతారు. విన్నప్పుడు సమాధానం చెప్పుకోవద్దు, "అలా కాదు, అప్పుడు ఏం జరిగిందంటే" అని మొదలుపెట్టారంటే ఇంక వాళ్ళు ఏమీ చెప్పరు.

బ్యాంకు, ఆఫీసులు, మండల సమాఖ్య మీటింగులు, వీటి దగ్గర ధైర్యం పెరగడం అందరికీ కళ్ళకి కనపడేదే కాబట్టి దాని గురించి పెద్దగా చెప్పను. ఒకప్పుడు మేనేజర్ రూము బయట కొంగు పట్టుకుని నిలబడ్డావిడ ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని స్టేట్‌మెంట్ అడుగుతుంది, సంతోషమే, రాసుకోండి. కానీ చాలామంది అక్కడితో ఆపేస్తారు, ఎదగడం అంటే అదే అనుకుంటారు. మీతో పాటు బ్యాంకు లోపలికి ఎంతమందిని తీసుకెళ్ళారు అన్నది కూడా రాసుకోండి.

ఇక్కడ ఒక మాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులకి వెళ్ళిన ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, దూబగుంట రోశమ్మ పేరు అప్పుడే అందరికీ తెలిసింది, ఉద్యమం జిల్లాలు దాటి పాకి 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా ఆపేశారు, ఆ ఊపులోనే నెల్లూరులో పొదుపు ఉద్యమం కూడా పెరిగింది. వాళ్ళెవరినీ తీర్మానం రాసి లీడర్ చేయలేదు. ఫస్ట్ లీడర్, సెకండ్ లీడర్ అని పేర్లు లేకుండానే ముందుకొచ్చి మాట్లాడారు. మీ సంఘంలో ఇప్పుడు అలా పదవి లేకుండా మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారా, ఉంటే మీరు ఆవిడని చూసి సంతోషపడుతున్నారా చిరాకు పడుతున్నారా? ఈ ప్రశ్నకి సమాధానం ఎవరికీ చెప్పక్కర్లేదు, రాసుకుంటే చాలు.

ఇంటి సంగతి కూడా కొంచెం. మీటింగ్ రోజు అన్నం ఎవరు వండుతున్నారు, అప్పు ఎవరికివ్వాలి అన్నది మీరు అనుకుంటున్నారా ఇంట్లో మగవాళ్ళు చెప్తే మీరు వచ్చి చెప్తున్నారా, మొదట్లో ఎలా ఉండేది ఇప్పుడెలా ఉంది. రెండు లైన్లు చాలు.

రాయడం అలవాటు లేకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకోండి, మీ మాటల్లోనే, ఎవరికీ పంపొద్దు. రాసేవాళ్ళు ఒక నోటుబుక్కులో ఒక పేజీకి మించకుండా రాయండి: పేర్లతో, నెలలతో, అంకెలతో రాయండి, "నేను ఓపిక నేర్చుకున్నా" అని కాకుండా "శ్రావణంలో అప్పు పంచేటప్పుడు రెండు గంటలు వాదన జరిగింది, నేను లేచి పోలేదు" అని. వచ్చే ఏడాది చదివితే మొదటిది ఏమీ చెప్పదు, రెండోది చెప్తుంది. బాధపెట్టేవి ఎక్కువ కనపడ్డాయని పేజీ చించేయొద్దు, వాటిలోంచి ఒక్కటి మాత్రం తీసుకుని ఈ ఏడాది మార్చడానికి చూడండి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన లీడర్లు రెండు నెలలకి విసిగిపోయి మళ్ళీ పాత పద్ధతికే పోవడం చూశా.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీకపోతే నేను చెప్పేది ఇది, ఒక నెల మీటింగ్‌కి మీరు వెళ్ళకండి. అబద్ధం చెప్పనక్కర్లేదు, "ఈసారి మీరు నడపండి, నేను కావాలనే రావట్లేదు" అని ముందే చెప్పండి. తాళం చెవి, పుస్తకాలు, స్టాంపు ప్యాడ్ ముందు రోజే సెకండ్ లీడర్‌కి ఇచ్చేయండి, బ్యాంకు పని ఉంటే ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో కూడా చెప్పండి. ఆ రోజు ఫోన్ చేసి ఏమైందని అడగొద్దు. మర్నాడు పుస్తకం తెప్పించుకుని ఆ పేజీ చదవండి, ఎవరు వచ్చారు, ఎంత వసూలైంది, ఏం తీర్మానం రాశారు, ఎవరి పేర్లున్నాయి. తర్వాత మీ నోటుబుక్కులో ఆ పేజీ తేదీ వేసుకుని, మిమ్మల్ని అడక్కుండా వాళ్ళు తీసుకున్న నిర్ణయాలు ఏంటో దాని కింద రాసుకోండి.